శుక్లం ఆపరేషన్‌లో కంట్లో పెట్టే జెల్ లోపలే మిగిలిపోతే?

వేపచెట్టు
అమ్మకి మొన్న కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఫేకో చేసి, అంటే మిషన్ సూదితో శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చేసి, లెన్స్ వేశారు. తొందరగానే బయటికి తీసుకొచ్చారు, అంతా బాగా జరిగిందన్నారు. సాయంత్రం నుంచి మొదలైంది. కన్ను ఒకటే సలపరం, అదే వైపు నుదురు పగిలిపోతున్నంత నొప్పి, వాంతులు. ఫోన్ చేస్తే నొప్పి మాత్ర వేయమన్నారు. ఆ రాత్రి ఆవిడా పడుకోలేదు, మేమూ పడుకోలేదు. పొద్దున్నే తీసుకెళ్తే కంటి ప్రెషర్ బాగా పెరిగి 38 ఉంది. డాక్టర్ మత్తు చుక్కలు వేసి, పక్క గాటు దగ్గర మెల్లగా నొక్కి లోపలి నీరు కాస్త వదిలారు. కుర్చీలో కూర్చుని ఉండగానే నొప్పి దిగిపోయింది. ఏమైందండీ అంటే “ఆపరేషన్‌లో వాడిన జెల్ కొంచెం మిగిలింది, మామూలే” అన్నారు, అంతే.

కంట్లో జెల్ పెడతారన్న సంగతే మాకు అప్పటిదాకా తెలీదు. అసలు ఎందుకు పెడతారు? పెట్టింది మొత్తం ఎందుకు తీయరు? ఇది నిర్లక్ష్యమా, లేక నిజంగానే మామూలా? ఇంకో కన్ను కూడా చేయించాలి. అమ్మ ససేమిరా అంటోంది.

మినుకు
మా నాన్నకీ ఇదే అయింది. కాకపోతే ఆయన ఎవరికీ చెప్పకుండా పొద్దున్న చెకప్ దాకా ఓర్చుకున్నాడు. అప్పటికే కార్నియా మసకబారి ఉంది. చుక్కలూ మాత్రలూ ఇస్తే తగ్గింది. మీ అమ్మగారికి ఇప్పుడెలా ఉంది?

వేపచెట్టు
ఇప్పుడు 18కి వచ్చింది. చూపు కూడా తేటపడుతోంది. నా ప్రశ్నలు మాత్రం అలాగే ఉన్నాయి.

తెల్లకాగితం
బిల్లులో ఒక వరస పెంచడానికి తప్ప దీనికి ఇంకో కారణం నాకు కనపడట్లేదు. మా పెద్దత్తకి జెల్ లేకుండానే చేశారట, చక్కగా చూస్తోంది. పెట్టడం, తీయడం, తీయడం మరిచిపోవడం, మళ్ళీ దానికో వైద్యం. పెట్టకపోతే ఈ గొడవే ఉండదు కదా?

సన్నగాటు
శుక్లాల సర్జన్‌ని. తెల్లకాగితం గారి మాట అలా వదిలేస్తే చదివినవాళ్ళు భయపడతారు, కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను.

కంటికి ముందువైపు పారదర్శకంగా ఉండే పొర కార్నియా. దాని లోపలి వైపు ఒకే ఒక్క వరస కణాలుంటాయి, ఎండోథీలియం అంటారు. కార్నియాలోకి ఊరే నీటిని రాత్రీపగలూ బయటికి తోడేది అవే. పెద్దవాళ్ళలో చదరపు మిల్లీమీటరుకి సుమారు 2500 ఉంటాయి. పోయిన కణానికి బదులు కొత్తది పుట్టదు. పక్కనున్నవి సాగి ఆ ఖాళీని కప్పుతాయి, అంతే. వయసుతో పాటు ఏడాదికి సుమారు 0.6 శాతం ఎలాగూ పోతుంటాయి. బాగా తగ్గి 500 దగ్గరికో అంతకన్నా కిందికో వస్తే తోడే పని సాగదు. కార్నియా నీరుపట్టి తెల్లగా ఉబ్బుతుంది, పైన బొబ్బలు లేస్తాయి. అప్పుడిక కార్నియా మార్పిడే దిక్కు.

ఇప్పుడు ఆపరేషన్ ఎక్కడ జరుగుతుందో చూడండి. కార్నియాకీ, శుక్లం పట్టిన కంటి సహజ లెన్స్‌కీ మధ్య లోతు సుమారు 3 మిల్లీమీటర్లు. అక్కడ ఉండే నీరు పావు మిల్లీలీటరు. ఆ కాస్త చోటులోకి సెకనుకి 40 వేల సార్ల దాకా కంపించే టైటానియం సూదిని పంపి, గట్టిపడ్డ శుక్లాన్ని ముక్కలు చేసి పీల్చాలి. ముక్కలు ఎగిరి కార్నియాకి తగలొచ్చు. నీటి సుడి తగులుతుంది. అల్ట్రాసౌండ్ వల్ల ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వీటన్నిటికీ ఆ కణాలకీ మధ్య అడ్డుగా ఉండేది జెల్ ఒక్కటే. హైలురోనిక్ ఆమ్లం ఉన్న జెల్ అయితే ఆ ఫ్రీ రాడికల్స్‌ని కూడా కొంతవరకు పట్టేస్తుంది.

రెండో పని, చోటు నిలబెట్టడం. గాటు పెట్టగానే లోపలి నీరు బయటికొచ్చి కార్నియా లెన్స్ మీదికి వాలిపోతుంది. జెల్ నింపితే మళ్ళీ లేస్తుంది. మూడోది, లెన్స్ ముందు పొరని 5 మిల్లీమీటర్ల గుండ్రంగా చించేటప్పుడు దాన్ని పైనుంచి అదిమి పట్టడం. అది లేకపోతే చిరుగు అంచుల దాకా పరిగెత్తుతుంది. శుక్లం తీశాక ఆ పొర ఖాళీ సంచిలా మిగులుతుంది. ఆఖర్న కృత్రిమ లెన్స్ మడిచి లోపలికి పంపేటప్పుడు ఆ సంచి తెరుచుకుని ఉండాలన్నా జెల్ కావాలి.

బిల్లు కోసం పెట్టేది కాదండీ ఇది.

కొత్తపీజీ
సర్ చెప్పిన మూడో పని గురించి ఒక మాట. పూర్తిగా తెల్లబడ్డ శుక్లంలో లోపల ద్రవం ఒత్తిడి మీద ఉంటుంది. పొర కనపడ్డానికి ట్రైపాన్ బ్లూ రంగు పూస్తాం. జెల్ చాలకపోతే సూది తగలగానే పొర రెండువైపులా చీలిపోయి, నీలం మధ్యలో తెల్లటి పట్టీ వస్తుంది. దాన్ని అర్జెంటీనా జెండా అంటారు. మా యూనిట్‌లో ఒకసారి చూశాను. ఫుట్‌బాల్ అభిమానులం చాలామందే ఉన్నాం కానీ ఆ జెండా వచ్చినప్పుడు మాత్రం థియేటర్‌లో ఎవరూ ఈల వేయలేదు.

తెల్లకాగితం
సన్నగాటు గారూ, వివరంగా రాసినందుకు సంతోషం. మరి మా పెద్దత్త సంగతి? లేకుండా చేశారని డాక్టరే చెప్పారు.

సన్నగాటు
ఆపరేషన్ మొత్తం లేకుండా చేశారా, లెన్స్ వేసేటప్పుడు మాత్రం వాడలేదా? రెండోదే అయ్యుంటుంది. కొందరు లెన్స్‌ని జెల్ బదులు నీటి ధార ఒత్తిడి మీదే లోపలికి పంపుతారు. తర్వాత సంచి వెనక జెల్ వెతుక్కునే పని ఉండదు. చెయ్యి బాగా తిరిగినవాళ్ళు చేస్తారు.

పాతకళ్ళజోడు
మొత్తం లేకుండా చేసే పద్ధతి కూడా ఉంది సన్నగాటూ. ఇజ్రాయెల్‌కి చెందిన మైఖేల్ బ్లూమెంథాల్ చిన్న గాటు శస్త్రచికిత్సలో పక్కనుంచి సన్న గొట్టం పెట్టి, సీసాలోంచి నీరు నిరంతరం లోపలికి వస్తుండేలా చేశాడు. నీటి ఒత్తిడే కార్నియా వెనకున్న ఆ చోటుని, మేం గది అంటాం, నిలబెట్టేది. మంచి పద్ధతే. కానీ నీరు చోటుని నిలబెడుతుంది గానీ కార్నియాకి పూతలా అంటుకుని ఉండదు. గట్టి శుక్లానికి ఆ తేడా తెలుస్తుంది.

జెల్ రాకముందు రోజులు చూసినవాణ్ణి, రిటైరయ్యాను. హెరాల్డ్ రిడ్లీ 1949లో మొదటి కృత్రిమ లెన్స్ పెట్టాడు. ఆ తర్వాత మూడు దశాబ్దాల పాటు లెన్స్ పెట్టడమంటే గాలిబుడగ మీద భరోసా. కంట్లోకి గాలి ఎక్కించి, అది జారిపోయేలోపు లెన్స్ పెట్టాలి. గాలి ఒక పక్కకి తప్పుకుంటే ప్లాస్టిక్ లెన్స్ వెళ్ళి కార్నియాకి తగిలేది. ఒక్కసారి తగిలితే చాలు, అక్కడి కణాలు లెన్స్‌కి అంటుకుని ఊడొచ్చేవి. ఆపరేషన్ రోజు చూపు వచ్చిందని సంబరపడి, కొన్నేళ్ళకి కార్నియా ఉబ్బి మళ్ళీ మా దగ్గరికి వచ్చిన రోగుల్ని చూశాను. వాళ్ళకి మేం చెప్పగలిగింది చాలా తక్కువ. జెల్ చేతికొచ్చాక ఆ వరస తగ్గడం నా కళ్ళతో చూశాను. అందుకే దాన్ని అనవసరమని ఎవరైనా అంటే ఊరుకోలేను.

తెల్లకాగితం
సరే పెద్దాయనా, బిల్లు మాట వెనక్కి తీసుకుంటున్నా. తీయకుండా వదిలేయడం మీద మాత్రం నా కోపం అలాగే ఉంది.

వేపచెట్టు
నాదీ అదే.

ప్రవాహం
కంటి డాక్టర్ని కాను, పాలిమర్ల మీద పనిచేస్తాను. ఈ జెల్ గుణం ఒకటి చెప్పాలనిపించింది. ఊరికే ఉంచితే చిక్కగా, కదలకుండా ఉంటుంది. సన్న సూదిలోంచి బలంగా తోస్తే పలచబడి జారిపోతుంది. అవతలికి వెళ్ళి ఆగగానే మళ్ళీ చిక్కబడుతుంది. గోడకి వేసే పెయింట్ కుంచె కింద జారుతూ, గోడ మీద నిలబడిపోయినట్టు. పొడవాటి అణువులు ఒకదానికొకటి చిక్కుపడి ఉంటాయి, తోసినప్పుడు ఒకే దిక్కుకి సర్దుకుంటాయి. హైలురోనిక్ ఆమ్లం అణుభారం 40 లక్షల డాల్టన్ల దాకా ఉండొచ్చు. ఈ గుణం లేకపోతే 27 గేజ్ సూదిలోంచి అంత చిక్కటి పదార్థం దూరదు.

చిట్టిచీమ
హైలురోనిక్ అంటే ముఖానికి రాసుకునే సీరమ్‌లో ఉండేదేనా?

ప్రవాహం
అదే పదార్థం. మోకాలి కీలులోకి ఇచ్చే ఇంజెక్షన్‌లోనూ, పొడికళ్ళ చుక్కల్లోనూ ఉంటుంది. శుద్ధి, గాఢత, అణువు పొడవు వేరు. సీరమ్ కంటికి దూరంగానే ఉంచండి.

పాతకళ్ళజోడు
దాని పుట్టుకే కంటిలో. 1934లో కార్ల్ మేయర్, జాన్ పామర్ ఆవు కంటి వెనక భాగంలో నిండి ఉండే జిగురు, విట్రియస్ నుంచి దీన్ని వేరు చేశారు. దాన్ని కంటి ఆపరేషన్‌కి పనికొచ్చేలా చేసింది ఎండ్రె బాలాజ్. హంగరీ నుంచి అమెరికా వెళ్ళినవాడు. మంట పుట్టించే మలినాలన్నీ తీసేసిన హైలురోనేట్ కావాలని పట్టుబట్టి ఏళ్ళ తరబడి పనిచేశాడు. తయారుచేసిన సరుకుని కోతి కళ్ళలోకి ఎక్కించి, వాపు రావట్లేదని చూసుకున్నాకే మనుషుల దాకా తెచ్చాడు. అది దొరికింది దేన్నుంచో తెలుసా? కోడిపుంజు తలమీద ఎర్రగా ఉండే కండ జుట్టు నుంచి. హీలాన్ పేరుతో 1980 ప్రాంతంలో మార్కెట్లోకి వచ్చింది.

చిట్టిచీమ
కోడిపుంజు జుట్టా!! తెల్లారిందని లోకానికి చెప్పే పక్షి, చూపు ఇవ్వడానికి కూడా పనికొచ్చిందన్నమాట.

మినుకు
నాకు గుడ్డూ, కోడిమాంసం పడవు, ఒళ్ళంతా దద్దుర్లు. రేపు నాకూ ఈ ఆపరేషన్ అవసరమైతే?

సన్నగాటు
ముందే డాక్టర్‌కి చెప్పండి, అది ముఖ్యం. ఇప్పుడు బ్యాక్టీరియాని పులియబెట్టి తీసే హైలురోనేట్ ఉంది. కోడితో సంబంధం లేదు. హెచ్‌పీఎంసీ అనే ఇంకో రకం జెల్ అయితే మొక్కల సెల్యులోజ్ నుంచి వచ్చేది.

వేపచెట్టు గారి అసలు ప్రశ్నకి వస్తాను. జెల్ పని అయ్యాక మిషన్‌తోనే నీరు పంపుతూ పీల్చేస్తాం. లెన్స్ ముందున్నది తేలిగ్గా వస్తుంది. లెన్స్ వెనక, సంచిలో ఉన్నదే మొండిది. లెన్స్‌ని అటూ ఇటూ వంచుతూ కిందనుంచి రప్పించాలి, లేదా గొట్టం కొసని లెన్స్ వెనక్కే పంపాలి. ఎంత చేసినా కంటి మూలల్లో కాస్త మిగలొచ్చు. పారదర్శకమైన జెల్‌ని పారదర్శకమైన కంట్లో వెతకడం కదా. ఒక్క చుక్క లేకుండా తీశానని ఏ సర్జనూ ప్రమాణం చేయలేడు.

మిగిలింది కరిగిపోదు. కంటి నీరు బయటికి పోయే జల్లెడ ఒకటుంది, ఆ దారినే పోవాలి. పెద్ద అణువులు అక్కడ ఇరుక్కుంటే నీరు నిలిచి ప్రెషర్ పెరుగుతుంది. మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాల్సింది 30, 40 దాకా వెళ్తుంది. ఆపరేషన్ అయిన 4 గంటల నుంచి 24 గంటల లోపు ఇది కనిపిస్తుంది, ఎక్కువమందిలో ఒకటి నుంచి మూడు రోజుల్లో దానంతటదే దిగుతుంది. కాబట్టి మీ అమ్మగారి కంట్లో జెల్ మిగలడాన్ని నిర్లక్ష్యం అనలేను.

ఓటీ_సిస్టర్
సన్నగాటు సర్, మీతో ఒప్పుకోను. మిగలడం మామూలే అనుకుందాం. సాయంత్రం వాంతులవుతున్నాయని ఇంటివాళ్ళు ఫోన్ చేస్తే నొప్పి మాత్ర వేయమనడం మామూలు కాదు. తలనొప్పి, వాంతి, అదే వైపు కన్ను: ఈ మూడూ కలిస్తే ప్రెషర్ చూడాలని ఫోన్ ఎత్తేవాళ్ళకి నేర్పాలి. అప్పుడే పిలిపిస్తే ఆ రాత్రి నరకం తప్పేది.

సన్నగాటు
ఆ మాటకి నా దగ్గర ఎదురు జవాబు లేదు సిస్టర్. జెల్ మిగలడం వేరు, ఫోన్‌లో దాన్ని పట్టించుకోకపోవడం వేరు. రెండోది తప్పే.

పాతకళ్ళజోడు
నేను ఇంకొక అడుగు ముందుకేస్తాను. లెన్స్ వెనక జెల్ తీయడానికి పట్టేది నిమిషం కూడా కాదు. జాబితాలో తర్వాతి కేసు ఎదురుచూస్తోందని ఆ నిమిషం ఎగ్గొట్టేవాళ్ళున్నారు. అన్నీ మూలల్లో ఇరుక్కున్నవి కావు. పెట్టడంలో ఉన్న శ్రద్ధ తీయడంలో ఉండట్లేదు. వేపచెట్టు, మీ అమ్మ విషయంలో ఏది జరిగిందో ఇక్కడ కూర్చుని ఎవరం చెప్పలేం. కానీ అడిగే హక్కు మీకుంది, అడగండి.

రెండోచూపు
లెన్స్ వెనక అన్నారు కాబట్టి నా సంగతి రాస్తున్నా. నాకు నొప్పి లేదు, ప్రెషర్ లేదు. కానీ ఆపరేషన్ తర్వాత దూరపు చూపు రావాల్సింది పోయి దగ్గరవి కనిపించడం మొదలైంది. మైనస్ పవర్ వచ్చింది. లెన్స్ పవర్ తప్పు వేశారని వాళ్ళతో గట్టిగా వాదించాను. ఇంకో డాక్టర్ దీపం కింద చూసి, జెల్ సంచిలో చిక్కుకుని లెన్స్‌ని ముందుకి నెడుతోందన్నారు. యాగ్ లేజర్‌తో పొరకి చిన్న రంధ్రం చేశారు. లెన్స్ వెనక్కి సర్దుకుంది, పవర్ పోయింది.

కొత్తపీజీ
దీన్నే క్యాప్సులార్ బ్లాక్ అంటారు. పుస్తకంలో చదివాను, అనుభవించినవాళ్ళ మాట వినడం ఇదే మొదటిసారి. థ్యాంక్స్ అండీ.

గొడుగుపట్టు
నాకు గ్లకోమా, అంటే నీటికాసులు ఉంది. కంటి నరం ఇప్పటికే చాలావరకు దెబ్బతింది. ఒకటి నుంచి మూడు రోజుల్లో దిగుతుందని సన్నగాటు గారు రాసింది చదివి వణుకు పుట్టింది. నాలాంటివాళ్ళకి ఆ ఒక్క రాత్రి కూడా ఎక్కువే కదా?

సన్నగాటు
నిజమే. నేను రాసింది ఆరోగ్యంగా ఉన్న నరానికి. మీలాంటివారికి జెల్ తీయడంలో ఇంకొంచెం సేపు గడుపుతాం, అదే రోజు సాయంత్రం ప్రెషర్ చూస్తాం, ముందుజాగ్రత్తగా ప్రెషర్ తగ్గించే ఎసిటజోలమైడ్ మాత్ర ఇస్తాం. సల్ఫా మందులు పడవంటే అది చెప్పండి, మాత్ర మారుస్తారు. ఈ మాత్ర ఎవరూ సొంతంగా కొని వేసుకోకండి, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళకి ప్రమాదం.

పాతకళ్ళజోడు
గ్లకోమాలో ఈ జెల్‌నే మందులా వాడిన సందర్భమూ ఉంది. విస్కోకెనాలోస్టమీ అని, నీరు బయటికి పోయే కాలువలోకి జెల్ ఎక్కించి దాన్ని వెడల్పు చేస్తారు. దక్షిణాఫ్రికాకి చెందిన రాబర్ట్ స్టెగ్మన్ తెచ్చిన పద్ధతి. ఒక చోట దారి మూసేది, ఇంకో చోట దారి తెరుస్తుంది.

గుడ్డిదీపం
మా బావకి రెటీనా ఆపరేషన్ చేసి ఆయిల్ పెట్టారు. నెలల తర్వాత ఇంకో ఆపరేషన్‌తో తీశారు. ఇదీ అదీ ఒకటేనా? మరి జెల్ మాత్రం వెంటనే ఎందుకు తీయాలి?

సన్నగాటు
కాదు. అది సిలికాన్ ఆయిల్. కంటి వెనక భాగంలో, ఊడిన రెటీనాని గోడకి అదిమి పట్టడానికి కావాలనే ఉంచుతారు. ఇది ముందు గదిలో ఆపరేషన్ జరిగేంతసేపే ఉండే సాయం.

చిట్టిచీమ
మా తాతయ్య ఇదే అడిగాడు డాక్టర్‌ని. “అంత మంచిదైతే తీయడం ఎందుకు నాయనా, డబ్బు పెట్టి కొన్నదే కదా, ఉండనీ” అని. ఆ డాక్టర్ నవ్వాపుకోలేక మైక్రోస్కోప్ నుంచి కళ్ళు తీశారట.

కొత్తపీజీ
జెల్స్‌లో రెండు రకాలున్నాయని ఎవరూ రాయలేదు. ఒకటి ముద్దగా కలిసి ఉండేది, కొహెసివ్. చోటు బాగా నిలబెడుతుంది, తీసేటప్పుడు ఒక్క ముద్దగా వచ్చేస్తుంది. 1 శాతం హైలురోనేట్ ఉన్న హీలాన్ అలాంటిది. ఇంకోటి పూతలా పరుచుకునేది, డిస్పర్సివ్. కార్నియాకి అంటుకుని ఎంత నీరు పారినా కదలదు, కాబట్టి కాపలా బాగా కాస్తుంది. తీయడమే కష్టం. 3 శాతం హైలురోనేట్‌లో 4 శాతం కాండ్రాయిటిన్ సల్ఫేట్ కలిపిన విస్కోట్ ఈ రకం. కెనడా సర్జన్ స్టీవ్ అర్షినాఫ్ 1999లో రెండూ కలిపి వాడే పద్ధతి రాశారు. ముందు పూత రకం వేసి, దాని కింద ముద్ద రకం ఎక్కిస్తే, పూత పైకి లేచి కార్నియాకి అతుక్కుంటుంది. సాఫ్ట్ షెల్ అంటారు.

నా ఉద్దేశంలో ప్రతి రోగికీ ఇలాగే చేయాలి. హెచ్‌పీఎంసీ ఒక్కదానితో కానిచ్చేయడం రోగికి అన్యాయం.

ఓటీ_సిస్టర్
అన్యాయం పెద్ద మాట బాబూ. మేం ఏళ్ళుగా హెచ్‌పీఎంసీతోనే లెక్కలేనన్ని కళ్ళు చూశాం, మరుసటి రోజు కార్నియా అద్దంలా ఉంటుంది.

సన్నగాటు
సిస్టర్‌తో ఏకీభవిస్తున్నాను. 2 శాతం హెచ్‌పీఎంసీకి సాగే గుణం తక్కువ, అది నిజం. చోటుని అంత గట్టిగా నిలబెట్టదు. కానీ మెత్తటి శుక్లం, లోతైన గది, ఆరోగ్యమైన కార్నియా అయితే చాలు. ఫ్రిజ్ అక్కర్లేదు, ఖర్చు తక్కువ. ఆ కారణంగానే ఎంతోమంది బీదవాళ్ళ కళ్ళకి ఆపరేషన్ సాధ్యమైంది. ఖరీదైనదే వాడాలని పట్టుబడితే వాళ్ళలో కొందరికి ఆపరేషనే అందదు. గట్టి శుక్లం, కణాలు తక్కువగా ఉన్న కార్నియా, ఇరుకు గది: అక్కడ నువ్వు చెప్పిన సాఫ్ట్ షెల్ తప్పనిసరి. కన్నుని చూసి జెల్ ఎంచుకోవాలి.

కొత్తపీజీ
కన్నుని చూసి అంటున్నారు కానీ సర్, చాలాచోట్ల స్టోర్‌లో ఏది ఉంటే అదే ఆరోజు జెల్. ఎండోథీలియం కణాలు లెక్కించకుండానే ఆపరేషన్ చేసే చోట ఎంచుకోవడం ఎక్కడిది?

సన్నగాటు
ఆ బాధ నిజమైనదే. కణాల లెక్క తీసే మిషన్ లేకపోయినా స్లిట్ ల్యాంప్ కింద శ్రద్ధగా చూస్తే ఫుక్స్ డిస్ట్రఫీ, అంటే ఆ కణాలు పాడయ్యే జబ్బు, చుక్కలు కనిపిస్తాయి. అవి ఉంటే రెండో ఆలోచన వద్దు, మంచి జెల్ తెప్పించాకే చెయ్యి.

ఓటీ_సిస్టర్
థియేటర్ వైపు నుంచి నాలుగు మాటలు, ఎవరూ పట్టించుకోని సంగతులు కాబట్టి.

హైలురోనేట్ ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడేముందు బయట పెట్టి గది ఉష్ణోగ్రతకి రానివ్వాలి. చల్లగా వాడితే ఇంకా చిక్కగా ఉండి తోయడం కష్టం.

సిరంజికి కాన్యులా, అంటే జెల్ పోయే సన్న గొట్టం, గట్టిగా తిప్పి బిగించాలి. వదులుగా ఉంటే, చిక్కటి జెల్‌ని బలంగా తోసినప్పుడు కాన్యులా ఊడి బాణంలా కంట్లోకి దూసుకుపోతుంది. రెటీనా దాకా గాయమైన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. కంటి బయట ఒక చుక్క తోసి చూశాకే సర్జన్ చేతికిస్తాను. తొందరపెట్టినా సరే, ఇవ్వను.

ఒకసారి వాడిన కాన్యులాని కడిగి మళ్ళీ వాడితే లోపల జెల్ ఎండిపోయి ఉంటుంది. ఆటోక్లేవ్ ఆవిరికి క్రిములు చస్తాయి కానీ ఆ పెంకు పోదు. అదే తర్వాతి రోగి కంట్లోకి వెళ్తే 12 నుంచి 48 గంటల్లో కన్ను మసకబారి వాపొస్తుంది. టాస్ అంటారు, ఇన్ఫెక్షన్ కాదు, విషప్రభావం. ఒకేరోజు వరసగా నలుగురైదుగురికి వచ్చిందంటే ముందు చూడాల్సింది ఇలాంటి గొట్టాలనే.

పాతకళ్ళజోడు
సిస్టర్ రాసింది ప్రతి థియేటర్ తలుపు మీదా అంటించాలి. ఇంకొకటి కలుపుతాను. ఫేకో మొదలుపెట్టేముందు సూది కొస దగ్గర జెల్ కాస్త పీల్చి దారి చేసుకోవాలి. చిక్కటి జెల్ కొసలో అడ్డుపడితే నీరు రాదు, సూది క్షణాల్లో వేడెక్కి గాటు అంచులు కాలిపోతాయి. కాలిన గాటు సరిగ్గా మూసుకోదు.

మినుకు
ఇదంతా చదివాక ఒక మాట గుర్తొచ్చింది. నాన్న ప్రొస్టేట్‌కి టామ్సులోసిన్ వాడతాడని ఆపరేషన్ ముందు అడిగి రాసుకున్నారు. మూత్రం మందుకీ కంటికీ ఏం సంబంధం అని అప్పుడు విసుక్కున్నాడు.

సన్నగాటు
చాలా సంబంధం ఉంది. ఆ మందు వాడినవాళ్ళ కంట్లో కనుపాప చుట్టూ ఉండే కండ వదులైపోతుంది. ఆపరేషన్ మధ్యలో అది గాటు దగ్గరికి కొట్టుకొస్తుంది, కనుపాప కుంచించుకుపోతుంది. 2005లో చాంగ్, క్యాంప్‌బెల్ దీన్ని గుర్తించి రాశారు. ముందే తెలిస్తే చిక్కటి జెల్‌తో ఆ కండని వెనక్కి నెట్టి పట్టుకోవచ్చు, కొక్కేలు సిద్ధంగా ఉంచుకోవచ్చు. మందు ఆపేసినా ఆ ప్రభావం ఉండిపోవచ్చు. కాబట్టి ఎప్పుడో మానేశామని చెప్పకుండా ఉండొద్దు.

వేపచెట్టు
ఇంతమంది ఇంత ఓపిగ్గా రాస్తారనుకోలేదు. పాతకళ్ళజోడు గారు చెప్పినట్టు వెళ్ళి అడిగాను. డాక్టర్ కోప్పడలేదు. వాడింది పూత రకం జెల్ అనీ, అమ్మ శుక్లం గట్టిగా ఉండి కార్నియా కాపాడ్డానికి ఎక్కువ వేయాల్సి వచ్చిందనీ చెప్పారు. ఫోన్ విషయం మాత్రం తప్పేనని ఒప్పుకున్నారు. రెండో కంటికి ముందు ఏమేం అడగాలి?

ఓటీ_సిస్టర్
మొదటి కంటికి ప్రెషర్ 38 దాకా వెళ్ళిందని రికార్డులో రాయించండి. రెండోసారి సర్జన్ మారినా తెలియాలి. ఇంటికి పంపేముందు, లేదా అదే సాయంత్రం ప్రెషర్ చూడమనండి. రాత్రి ఏమైనా అయితే ఎవరికి ఫోన్ చేయాలో, ఎత్తేది డాక్టరేనా కాదా కనుక్కోండి. చూపు తగ్గుతూ ఎరుపూ నొప్పీ పెరుగుతుంటే ఎన్నో రోజైనా ఆగకుండా వెళ్ళాలి, అది ఇన్ఫెక్షన్ కావచ్చు.

గొడుగుపట్టు
సిస్టర్ రాసింది నేనూ కాగితం మీద రాసి పెట్టుకున్నా. నాకు వచ్చే నెల ఆపరేషన్.

కొత్తపీజీ
సర్లిద్దరికీ ఒక ప్రశ్న. ఫేకో మధ్యలో లెన్స్ సంచి వెనక పొర చిరిగిందని తెలిసిన క్షణంలో జెల్ ఏది, ఎలా? వైవా పరీక్షలో చెప్పే జవాబు నాకు తెలుసు, చేతికి ఏం చెప్పాలో కావాలి.

పాతకళ్ళజోడు
అందరం చేసే మొదటి పని భయపడి సూది బయటికి లాగేయడం. అలా లాగితే గది కూలిపోతుంది, చిరుగు పెద్దదవుతుంది, విట్రియస్ ముందుకి దూకుతుంది. నీరు ఆగకూడదు, మిషన్ పెడల్ మీద కాలు నీరు మాత్రమే వచ్చే ఒకటో మెట్టు దగ్గరే ఉండాలి. పక్క గాటులోంచి పూత రకం జెల్ ఎక్కించి చిరుగు మీద వేసి దాన్ని మూసేయి. గది నిండిందని చూశాకే నీరు ఆపి సూది తియ్యి.

కొత్తపీజీ
ముద్ద రకం ఎందుకు కాదు సర్?

పాతకళ్ళజోడు
అది ఒక్క ముద్దగా వచ్చేస్తుందని నువ్వే రాశావు. కొద్దిగా పీల్చేసరికి మొత్తం లేచిపోయి చిరుగు మళ్ళీ తెరుచుకుంటుంది. పూత రకం ఉన్నచోటే ఉంటుంది.

కొత్తపీజీ
పక్క గాటులోంచి ఎక్కించేది ఎడమచేత్తోనే కదా? నా ఎడమచెయ్యి ఇంకా వణుకుతుంది.

సన్నగాటు
అవును, కుడిచేతిలో సూది కదలకుండా ఉండాలి. సాధన చేసే వెట్ ల్యాబ్‌లో మేక కన్ను పెట్టుకుని, కుడిచేత్తో సూది పట్టుకుని ఎడమచేత్తో జెల్ ఎక్కించడం రోజూ చెయ్యి. శుక్లం తీయకపోయినా పర్లేదు, అదొక్కటే చెయ్యి.